కొక్కేనికి తగిలించని బిళ్ళ

మా గోదావరిఖని సేవా క్లబ్బువాళ్ళు ఇంగ్లండులోని ఒక పాత బొగ్గు ఊరి క్లబ్బుతో దోస్తీ చేశారు. ముందు వాళ్ళు వచ్చి మన ఊరు చూసి వెళ్ళారు, తర్వాత మన వంతు వచ్చింది. డాక్టర్లు, వ్యాపారులు పేర్లు రాసుకున్నాక ఒకాయనకు తట్టిందట, బొగ్గు ఊరి నుంచి పోతూ బొగ్గు తవ్వినవాడు ఒక్కడూ లేకపోతే ఏం మర్యాద అని. అట్లా నన్ను తీసుకెళ్ళారు. తొంభైల మొదట్లోని మాట ఇది. నాకు వచ్చిన చదువు సంతకం వరకే. బాయి పని, అంటే గని పని, మాత్రం ఎవడైనా నా దగ్గర నేర్చుకోవలసిందే.

రామగుండంలో ఢిల్లీ బండి ఎక్కితే మరుసటి రోజుకు దిగుతాం. అక్కడి నుంచి రాత్రంతా విమానం. అది ఊగినప్పుడల్లా కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. టికెట్టులో సగం క్లబ్బు పెట్టుకుంది. అక్కడ తిండి, పడక ఆ క్లబ్బువాళ్ళ ఇళ్ళలోనే కాబట్టి చాయ్‌కి, బస్సుకి తప్ప పెద్ద ఖర్చు ఉండదు. నాకూ, మా చౌరస్తాలో పంపులు రిపేరు చేసే యాకూబ్‌కూ జార్జి అనే ముసలాయన ఇంట్లో గది ఇచ్చారు. ఆయనా గనిలో పనిచేసి రిటైరైనవాడే. యాకూబ్‌కు ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. మా ఇద్దరు ముసలాళ్ళకూ వాడే నోరు.

మూడో రోజు పొద్దున జార్జి కారులో గంట దూరం వెళ్ళాం. మూతపడిన గనిని జనం చూడటానికి తెరిచి ఉంచారు. మేము అతిథులం గనుక డబ్బులు తీసుకోలేదు. దిగే ప్రతి మనిషికీ గోడ మీది కొక్కెం నుంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి ఇచ్చారు. పైకి రాగానే దాన్ని మళ్ళీ తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి లోపలున్నట్టే. మన దగ్గరా అదే పద్ధతి.

ఆ బిళ్ళలు చూడగానే నేను వెనకే ఆగిపోయాను. మా బాయిలో కప్పు కూలినప్పుడు ఒక షిఫ్టంతా దుంగల కింద పడి ఉన్నాను. నా కొక్కెం ఖాళీగా కనిపించబట్టే వెతుక్కుంటూ వచ్చారు. దవాఖాన నుంచి వచ్చాక బాయి పైన, నేల మీది పని ఇచ్చారు. మళ్ళీ దిగనని ఇంట్లో ఒట్టు వేశాను.

"నడువు కాకా, జల్ది!" అన్నాడు యాకూబ్.

"మోకాలు గుంజుతున్నది. మీరు చూసి రాండ్రి. నేను చూడని బాయా ఇది?"

"భయమైతున్నదా ఏంది?"

"నీ దుకాణంల పానా తిప్పినట్టు అనుకున్నవా? పో, పో."

అందరూ నవ్వుతూ లిఫ్టు ఎక్కారు. జార్జి నాకు తోడుగా బెంచీ మీద కూర్చున్నాడు.

కొంతసేపటికి మనవాళ్ళు గోల చేసుకుంటూ పైకి వచ్చి, అటువైపు తలుపు నుంచి బయటికి వెళ్ళిపోయారు. నేను గోడ వైపు చూశాను. ఒక కొక్కెం ఖాళీ. గుంపులో యాకూబ్ కనిపించినట్టు లేదు.

"యాకూబ్?" అని అక్కడి కుర్ర గైడును అడిగాను. వాడు చెయ్యి ఊపి బయటికి చూపించాడు.

కొక్కెం చూపించి, "మ్యాన్ ఇన్‌సైడ్!" అన్నాను. వాడు నవ్వాడు. జార్జి లేచి వచ్చి కొక్కెం చూశాడు. ఆయన మొహంలో రక్తం లేదు. ముందు క్యాంటీన్‌లో చూద్దామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. బాయి మనిషికి కొక్కెం కంటే సాక్ష్యం లేదు. నాకు తెలియకుండానే అక్కడున్న టోపీ లైటు పెట్టుకున్నాను.

జార్జీ నేనూ లిఫ్టు ఎక్కాం, అది జారగానే కళ్ళు మూసుకున్నాను. కింద తడి కట్టె వాసన. అదే వాసన. ఎక్కడో నీటి చుక్క పడితే రాయి కదిలిందనుకుని గోడకు అంటుకుపోయాను. "యాకూబ్! ఒరే యాకూబ్!" అని అరిస్తే నా గొంతే తిరిగి వచ్చింది. ఏ దుంగ పక్కన చీకటి కనిపించినా అక్కడ వాడి కాలు ఉందేమోనని వంగి చూశాను. వాడి పెండ్లానికి ఏం చెప్పాలి? జార్జి నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఆయనా నాతో పాటు అరవసాగాడు.

అప్పుడు పైనుంచి గంట మోగింది. లిఫ్టులో గైడు వచ్చాడు, వెనక యాకూబ్, చేతిలో చాయ్ కప్పు.

"ఇంటికాడ పోరగాండ్లకు చూపెడ్దామని బిళ్ళ జేబుల ఏస్కున్న కాకా. ఖుదా కసం, గింత ఫికర్ అయితదని ఎరుక లేదు."

వాడి కాలర్ పట్టుకున్నాను. అక్కడే కింద కూలబడ్డాను.

"నువ్వు దిగనన్నవ్ గద కాకా," అన్నాడు మెల్లగా.

"నోర్మూసుకొని లేపురా నన్ను."

పైకి వచ్చాక జార్జి ఆ బిళ్ళ తీసుకుని, గైడు చేతికి ఇవ్వకుండా తనే తగిలించాడు. అది ఊగడం ఆగేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.

పరాయి ఊరికి పోయినవాళ్ళు అక్కడి మేడలు, బజార్లు చూసి వస్తారు. మనవాళ్ళూ సంచుల నిండా ఫొటోలు తెచ్చుకున్నారు. నేను ఒక్కటీ తేలేదు. ఆ ఊరివాళ్ళు దేనికి భయపడతారో మాత్రం తెలుసుకుని వచ్చాను, అది మా ఊరి భయమే. మీరు అటు పోతే ఒక్క పని చేయండి. గని నుంచి పైకి రాగానే బిళ్ళను మీ చేత్తో కొక్కేనికి తగిలించండి, చాయ్ ఆ తర్వాత.