బోర్డు మీద మూడో వరస

సైన్యంలో కుక్కల విభాగంలో పనిచేసి, హవల్దారు హోదాలో బయటికొచ్చి, తొంభై ఎనిమిదో సంవత్సరంలో తిరుపతిలో చంద్రగిరి రోడ్డు పక్కన ఒక బీడునేల గుత్తకు తీసుకున్నాను. చుట్టూ కంచె వేయించి, ఊర్లోవాళ్ల కుక్కలకు శిక్షణ ఇచ్చేది మొదలుపెట్టినాను. గేటు కాడ రేకు బోర్డు మీద పెయింటరు చేత మూడు వరసలు రాయించినాను. ఒకటి గుంపు క్లాసు, రెండోది విడి పాఠం, మూడోది ఇంటి దగ్గర శిక్షణ. ఈ మూడింట్లో ఏది మంచిదని ఇప్పుడు గూడా నన్ను అడిగేవాళ్లు ఉండారు. మూడో వరస మీద కొన్నేళ్లకు నేనే పెయింటు పూసేసినాను. అది ఎందుకో చెప్తే మిగిలిన రెండింటి సంగతీ తెలుస్తుంది.

గుంపు క్లాసు ఆదివారం పొద్దున జరిగేది. బ్యాంకు క్లర్కు, కాంపౌండరు, దేవస్థానం ఆఫీసులో గుమాస్తా, హోటలాయన, ఎవరి కుక్కను వాళ్లు పట్టుకుని గుండ్రంగా నడుస్తారు. పక్కన ఇంకో కుక్క మొరుగుతా ఉన్నా పట్టించుకోకుండా ఉండటం కుక్కకు అలవాటవుతుంది. కానీ అక్కడ అసలు పాఠం మనిషికి. కూచోవడం కుక్క తొందరగానే నేర్చుకుంటుంది. మెడ బెల్టుకు తగిలించే పట్టీని లాగకుండా, వదులుగా పట్టుకోవడం మనిషికి రావాలంటే నా తాతలు దిగొచ్చేవాళ్లు. విడి పాఠం కరిచే కుక్కకు, బెదురు కుక్కకు. మైదానంలోనే, ఎవరూ లేనప్పుడు చెప్తాను. ఇంటి దగ్గర శిక్షణ అనేది ఇంట్లోనే వచ్చే తగువులకు, అంటే గేటు కాడ మీదపడటం, తిండిగిన్నె దగ్గర గుర్రుమనడం, అట్లాంటివాటికి. మూడింటికీ నియమం ఒకటే. రేపు కుక్కకు ఎవరు చెప్పుకోవాలో, ఈరోజు పట్టీ వాళ్లే పట్టాల. నా మాట విని ఇంట్లోవాళ్ల మాట వినకపోతే ఆ కుక్కకు శిక్షణ అయినట్టు కాదు.

మాటలు నేను ఇంగ్లీషులో పెట్టలేదు. కూచో, రా, ఉండు, చాలు. ఇంట్లో అందరికీ నోరు తిరిగే మాటలు. వీటిలో కష్టమైంది ‘ఉండు’. అరచెయ్యి చూపించి ఆ మాట చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాల. కుక్క అక్కడే కూచుని ఉండాల. లేపాలంటే చెప్పినవాడే వెనక్కొచ్చి, పక్కన నిలబడి ‘చాలు’ అనాల. దూరం నుంచి పిలిచి లేపితే పాఠం చెడిపోతుంది. సైన్యంలో దీనికి అంత పట్టింపు ఎందుకంటే, మనిషి ముందుకు పోయి దారి చూసొచ్చేలోపల కుక్క కదిలిందంటే ఇద్దరూ పోతారు. ఆ పట్టింపు నాకు ఉద్యోగంతో పాటు పోలేదు.

రెండువేల రెండులో మామిడికాపు అయిపోయినాక జయరామయ్య అనే పెద్దరైతు జీపేసుకుని వచ్చినాడు. ఐరాల పక్కన పల్లె. మామిడితోట, చెరుకు, బెల్లం ఆడే గానుగ, అన్నీ ఉన్నాయి. తోటలో మోటర్ల వైర్లు దొంగలు కోసుకుపోతా ఉన్నారని బెంగుళూరు నుంచి అల్సేషియన్ పిల్లను తెప్పించినాడు. సీజర్ అని పేరు పెట్టినాడు. దానికి అప్పటికి ఏడాది వయసు. ఆరోజు ఆదివారం. కంచె అవతల నిలబడి క్లాసు చూసినాడు. దేవస్థానం గుమాస్తాను మోచెయ్యి దించమని నేను గట్టిగా అంటా ఉన్నాను. అది చూసి నవ్వినాడు.

“ఏమప్పా, కుక్కలకు నేర్పిస్తావనుకుంటే మనుషుల్ని తిడతా ఉండావే. నన్ను గూడా ఆ గుమాస్తా పక్కన నిలబెట్టి లెఫ్టూ రైటూ కొట్టిస్తావా?”

పదిమందిలో నిలబడలేకపోతే విడి పాఠానికి రమ్మన్నాను. వారం వారం తిరుపతికి ఎవరొస్తారు, నేనే జీపు పంపిస్తానన్నాడు. అయితే ఇంటి దగ్గరే చెప్తాను, పట్టీ మాత్రం మీరే పట్టాలని చెప్పినాను. సరే సరే అన్నాడు. ఆ సరే అంత తేలిగ్గా వచ్చేసరికి అప్పుడే అనుమానం వచ్చింది నాకు.

మొదటిరోజు పోతే ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతా ఉన్నాడు. కొట్టంలోంచి చెంగయ్యను పిలిచినాడు. చెంగయ్య వాళ్లింట్లో చిన్నప్పటినుంచీ ఉండే పనిమనిషి. గొడ్లు, మోటర్లు, రాత్రి తోటకాపలా అన్నీ అతనివే. వాడు పట్టుకుంటాడు, నువ్వు నేర్పించు, నేర్చుకున్నాక నాకు అప్పజెబుదురు అన్నాడు జయరామయ్య. కుక్కను అట్లా అప్పజెప్పడం కుదరదని చెప్పినాను. దానికి ఆయన పేపరు కూడా దించకుండా జవాబిచ్చినాడు.

“మోటరు వాడు బిగిస్తాడు. స్విచ్చి నేనేస్తే తిరగడం లేదా?”

పోయినప్పుడల్లా అడిగినాను. ఒక్కసారి దిగిరండి, వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడవండి చాలు అన్నాను. ఒకరోజు కోర్టు, ఒకరోజు పెళ్లి, ఒకరోజు మండీ. ఇంట్లో ఉన్నరోజున నడుంనొప్పి. ఆయన భార్య గడపలోంచి చూసేది, కుక్క తగిలితే మళ్లీ తలకు పోసుకోవాలని బయటికొచ్చేది కాదు. కుక్క కావాల, కుక్కతో పని వద్దు. ఇట్లాంటి ఇండ్లు నేను చానా చూసినాను.

చెంగయ్య మొదట్లో నా ముఖం చూసి మాట్లాడేవాడు కాదు. కానీ చెయ్యి మంచిది. ఎద్దులతో మాట్లాడినట్టు తగ్గుగొంతుతో చెప్పేవాడు, ఒకసారి చెప్పినాక రెండోసారి చెప్పకుండా ఓపిగ్గా నిలబడేవాడు. నా జీవితంలో పట్టీని అంత వదులుగా పట్టినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. దసరా అయ్యేసరికి సీజర్ నాలుగు మాటలూ నేర్చుకుంది. చెంగయ్య దాన్ని తోటగట్టు మీద ‘ఉండు’ అని కూచోబెట్టి, మోటరుకొట్టం చుట్టూ తిరిగి, నీళ్లు మళ్లించి వచ్చేవాడు. మధ్యలో మేకలమంద ఎదురుగా పోయినా కుక్క కదిలేది కాదు. అతనొచ్చి ‘చాలు’ అన్నాకనే లేచి తోక ఊపుకుంటా కాళ్లమీద పడేది. చెంగయ్య అప్పుడు మాత్రం నావైపు చూసి నవ్వేవాడు. నాకూ గర్వంగానే ఉండేది.

ఆ తర్వాత జరిగింది వాళ్ల జీపు డ్రైవరు చెప్పినాడు. కాణిపాకం దర్శనానికి వచ్చిన చుట్టాలు, ఇద్దరు బెల్లం వ్యాపారులు జయరామయ్య ఇంట్లో భోజనానికి దిగినారు. ఆయన వరండాలో నిలబడి, మా కుక్క చూడండి అని పిలిచి, ‘సీజర్, కూచో’ అన్నాడంట. కుక్క తోక ఊపి, చుట్టాల చెప్పులు వాసన చూసుకుంటా పోయింది. ఇంకా గట్టిగా అరిచినాడు. అది ఆయన ముఖం చూసింది, అంతే. కొట్టం దగ్గర పేడ ఎత్తుతా ఉన్న చెంగయ్యకు అయ్య పరువు పోతా ఉండాదే అనిపించి, అక్కడినుంచే మెల్లిగా ‘కూచో’ అన్నాడు. కుక్క ఉన్నచోటే కూచుంది. ఆయన్ను కాపాడుదామని అన్న మాట అది. చుట్టాల్లో బావమరిది వరసాయన మాత్రం ఊరుకోకుండా, కుక్క సొంతదారుడు కొట్టంలో ఉండాడే బావా అన్నాడు. అందరూ నవ్వినారు.

ఆ నవ్వుతో చెంగయ్య బతుకు తలకిందులైంది. చుట్టాలు పోయినాక జయరామయ్య కుక్కను కాలితో తన్నినాడు. చెంగయ్యను కుక్క దగ్గరికి పోవద్దన్నాడు, తర్వాత కొట్టంలోకి రావద్దన్నాడు, ఆఖరుకు పనికే రావద్దన్నాడు. గొలుసుతో కట్టేసిన కుక్క కూడు ముట్టలేదు. ఒక పొద్దు మెడబెల్టు తప్పించుకుని ఊరిబయట చెంగయ్య ఇంటికి పోయి పడుకుంది. చెంగయ్యే వెనక్కి తోలుకొచ్చి కట్టేసి పోయినాడు. అది మళ్లీ పోయింది. మళ్లీ తెచ్చి కట్టినాడు. మూడోతూరి అది పోయినప్పుడు జయరామయ్య మనుషులు పోయి, కుక్కను దొంగిలించినాడని ఊరంతా చాటినారు.

స్కూలు వరండాలో పంచాయితీ పెట్టి నాకు జీపు పంపించినారు. నిజం చెప్పేదానికి ఒక అవకాశం దొరికిందని సంతోషంగానే పోయినాను. పెద్దమనుషులు బెంచీల మీద ఉన్నారు. చెంగయ్య కింద నిలబడి ఉన్నాడు, కండువా చేతిలో పట్టుకుని. కుక్క అతని ఎడమకాలి పక్కన కూచుని ఉంది. ఎవరూ కట్టేయలేదు దాన్ని.

“నేను పిల్సలేదు సామీ. అదే వచ్చె. ఈ చేతుల్తోనే తోలుకొచ్చి కట్టేసినాను” అన్నాడు చెంగయ్య.

ఒక పెద్దాయన నన్ను అడిగినాడు. దాపరికం లేకుండా చెప్పినాను. ఈ కుక్కకు శిక్షణ ఇచ్చినన్నాళ్లూ పట్టీ పట్టింది చెంగయ్య ఒక్కడే, జయరామయ్య గారు ఒక్కసారి గూడా ముట్టలేదు. అందుకని అది ఇతని మాటే వింటుంది, ఎక్కడున్నా ఇతని దగ్గరికే పోతుంది, ఇందులో కుక్క తప్పూ లేదు, మనిషి తప్పూ లేదు అని. జయరామయ్య తమ్ముడు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి. నా మాట అయ్యీ కాకముందే లేచినాడు.

“విన్నారు గదా. వీడు కుక్కను మచ్చిక చేసుకున్నాడని మాస్టరే చెప్తా ఉండాడు. ఇంకేం సాక్ష్యం కావాల?”

నేను చెప్పింది అది కాదన్నాను. మచ్చిక చేసుకోమన్నది ఇంటాయనే, నేర్పించింది నేనే అన్నాను. అప్పటికే బెంచీల మీద తలకాయలు ఊగిపోయినాయి. ఇరవై ఏండ్లు చాకిరీ చేసిన మనిషి పక్షాన ఒక్కడు నోరు తెరిస్తే ఒట్టు. తీర్పు చెప్పినారు. చెంగయ్య కుక్కను ఇచ్చేయాల. జయరామయ్య గడప తొక్కకూడదు, ఆ వీధిలోకి గూడా రాకూడదు. అట్లయితే పోలీసుల దాకా పోనివ్వరు. ఇది దయ చూపించినట్టు చెప్పినారు.

కుక్కను తీసుకుపోవడం ఎవరి చేతా కాలేదు. తమ్ముడు గొలుసు లాగితే గుర్రుమని పళ్లు చూపించింది. నన్ను తీసుకుపొమ్మన్నారు. నాతో స్కూలు గేటు దాకా వచ్చి, అక్కడ కాళ్లు నేలకు తన్నిపెట్టింది. కడాకు జయరామయ్యే అన్నాడు, వాణ్ణే వచ్చి విడిచిపెట్టి పొమ్మనండి, ఇదే ఆఖరు అని.

చెంగయ్య జయరామయ్య వాకిట్లోకి నడిచొచ్చినాడు. కుక్క ఎడమపక్కన, పట్టీ వదులుగా, క్లాసులో ఎట్లా నడుస్తారో అట్లా. వరండా మెట్ల ముందర ‘కూచో’ అన్నాడు. కూచుంది. అప్పుడు నా ముఖం చూసినాడు. ఏమడుగుతా ఉన్నాడో నాకు తెలుసు. ఆ మాట చెప్పకపోతే అది వెంటబడి వస్తుంది, మళ్లీ దొంగతనం అంటారు. నేను తల ఊపలేదు, వద్దనీ అనలేదు. చెంగయ్య అరచెయ్యి చూపించి, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే చెప్పినాడు.

“ఉండు.”

గేటు దాటిపోయినాడు. నేర్పించినట్టే, వెనక్కి తిరిగి చూడలేదు.

కుక్క కదల్లేదు. జయరామయ్యకు ముఖం వెలిగింది. చూసినావా మాస్టరూ, ఇప్పుడెట్లా పడుండాదో అన్నాడు. అది మీకోసం కూచోలేదు, అతను తిరిగొస్తాడని కూచుని ఉండాది అని చెప్పినాను. ఒక్కసారి అతన్ని పిలిపించి ‘చాలు’ అనిపించండి, ఆ తర్వాత మీరు పట్టీ పట్టుకోండి, నేను ఊరికే వచ్చి మీకు నేర్పిస్తాను అని బతిమలాడినాను. సైన్యంలో గూడా ఎవర్నీ అట్లా బతిమలాడలేదు నేను. వాడు నా గడప తొక్కేది లేదన్నాడు. నేనే పక్కన నిలబడి ‘చాలు’ అన్నాను. చెవి కదిలించింది, కళ్లు మాత్రం గేటు మీదే. వాళ్ల జీపు ఎక్కబుద్ధి కాక బస్సుకోసం నడిచిపోయినాను. రోడ్డు మలుపు నుంచి చూసినా అది కూచునే ఉంది.

ఆ పొద్దుగూకే వేళ కూచున్నచోటే దాని మెడకు గొలుసు తగిలించినారని డ్రైవరు తర్వాత చెప్పినాడు. మరుసటేడు మామిడికాపుకు కుక్క బతికి లేదు. చెంగయ్యకు ఆ ఊర్లో మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు. సూళ్లూరుపేట దిక్కు ఏదో ఫ్యాక్టరీ గేటు కాడ కాపలాకు చేరినాడని విన్నాను. జయరామయ్య మాత్రం ఏమీ జరగనట్టు నాకు మనిషిని పంపినాడు, ఇంకో కుక్కపిల్లను తెచ్చినాడంట, ఈసారి ఎవరు చెప్పినా వినేటట్టు నేర్పించాలంట. ఆ వచ్చిన మనిషి ముందరే పెయింటు డబ్బా తెరిచి బోర్డు మీద మూడో వరస చెరిపేసినాను.

శిక్షణ గుంపులో మంచిదా, విడిగా మంచిదా, ఇంటి దగ్గర మంచిదా అనేది రెండో ప్రశ్న. పట్టీ పట్టేదెవరు అనేది మొదటిది. మోకాళ్లు పట్టేసి మైదానం మూసేసేదాకా కుక్కను తెచ్చినవాళ్లందర్నీ ముందు అదే అడిగినాను. మా పనిమనిషి పట్టుకుంటాడు అని ఎవరైనా అంటే, రేపు అతన్ని పనిలోంచి తీసేస్తే కుక్కను గూడా అతనితో పంపిస్తారా అని అడిగేవాణ్ణి. పంపిస్తామని ఒక్కరూ అనలేదు.