ఒకటి తర్వాత పది

ఆ రోజుల్లో పాట వినాలంటే మనిషికి ఓపిక ఉండాలి. ఇప్పుడు ఫోను చేతిలో పట్టుకుని పాట పేరు చెబితే చాలు, అదే పాడుతుంది. మా కాలంలో పాట మొదలయ్యేలోపు మనకే ఏడుపొచ్చేది. (ఈ మాట ఎత్తగానే మా అబ్బాయి "మొదలైంది" అని లేచిపోతాడు. చదివే మీరైనా కూర్చోండి.)

అప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. గోనెగండ్ల పక్కనున్న మా ఊళ్లో మా పెద్దనాయన చెక్కభజన గురువు. ఆయన పాడుతుంటే కుర్రవాళ్లు చెక్కలు వాయిస్తూ గజ్జెల కాళ్లతో అడుగులు వేసేవాళ్లు. ఆ ఏడు గొంతుకు ఆపరేషన్ జరిగి ఆయనకు పాట పోయింది, గుసగుస మిగిలింది. జట్టులో పాడే మనిషి ఇంకొకడు లేడు. జాతరలో మీ భజన ఈసారి లేకపోతే ఆ చోటు ఆస్పరి వైపు జట్టుకు ఇచ్చేస్తాం అన్నారు పెద్దలు. ఒకసారి పోయిన చోటు తిరిగి రాదని పెద్దనాయనకు అన్నం సయించలేదు. ఆయన పాటలన్నీ ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్‌లో. దాన్నేమో టేపు రికార్డరు నమలడం మొదలుపెట్టింది.

"నీకు కంప్యూటర్ వస్తాది గదా నాయనా. దీన్ని ఏమన్నా చేయి," అన్నాడు. నాకు వచ్చింది టైపింగు. ఆ మాట చెప్పే ధైర్యం లేక ఆదోని వెళ్లి, తెలిసిన భాయ్ అంగట్లో అరచేతిలో పట్టే సీడీ ప్లేయరు కొన్నాను. "ఎంపీత్రీ గుడక పాడతాది అప్పా. ఒక్క డిస్కులో నూరు పాటలు పడతాయి. ఫికర్ వద్దు," అన్నాడు భాయ్. ఫికర్ అంతా ఆ డబ్బాతోనే మొదలైందని ఆయనకేం తెలుసు.

క్యాసెట్‌లోని పాట కంప్యూటర్లోకి ఎక్కాలంటే అది పాడినంతసేపూ మనమూ వినాల్సిందే. పాట మధ్యలో కరెంటు పోతే ఎక్కినదంతా గోవిందా. ఎమ్మిగనూరు కరెంటు సంగతి నేను చెప్పనక్కర్లేదు. పోనీ ఆగిన చోటినుంచి ఎక్కిద్దామంటే పక్కనే కూర్చున్న పెద్దనాయన ఒప్పుకోడు. "తెగిన పాటను అతికించగూడదు. గణపతి పాట నుంచి పెట్టు," అని గుసగుస. అట్లా గణపతి నుంచి మొదలుపెట్టడం, కరెంటు పోవడం, మళ్లీ గణపతి. నాకు దేవుడి మీద కూడా విసుగు పుట్టింది. చివరికి పది పాటలూ ఎక్కాయి. పేర్లు పెట్టే ఓపిక లేక ఒకటి, రెండు అని పది వరకు అంకెలు వేసి డిస్కు కొట్టాను. మొదటిది గణపతి, పదోది మంగళం. కంప్యూటర్లో వరుస తప్పకుండా ఉన్నాయి. ప్లేయర్లో పెట్టి గణపతి పాట విని, ఇక చాలని ఆపేశాను.

జాతర సాయంత్రం ప్లేయర్ నుంచి మైకుసెట్టుకు వైరు కలిపాను. పెద్దనాయన గొంతు ఊరంతా మోగింది. గణపతి పాటకు కుర్రవాళ్లు దుమ్ము రేపారు. ఆ వెంటనే ఆ దరిద్రపు డబ్బా మంగళం ఎత్తుకుంది. ఒకటి తర్వాత పది. జనం లేచి దండం పెట్టారు, ఆడవాళ్లు హారతి వెలిగించారు. ఎవరికీ ఏమీ అర్థం కాకముందే అది రెండో పాట మొదలుపెట్టింది.

"మంగళం పాడినంక మల్లా చెక్క పట్టగూడదప్పా. అయిపాయ, దిగండి," అన్నాడు జాతర పెద్దమనిషి. ఆస్పరి జట్టు అప్పుడే గజ్జెలు కట్టుకుంటోంది. నేను ఆ ప్లేయర్‌ను చెరువులోకి విసిరేద్దామనుకున్నాను. (మా చెరువులో ఆ ఏడు నీళ్లు కూడా లేవు.)

పెద్దనాయన వైరు పీకేశాడు. మైకు దగ్గర నోరు పెట్టి, "పెట్టె పాడితే మంగళమెట్లయితాది? మనిషి పాడల్ల," అన్నాడు.

"సరే, పాడే మనిషి యాడ?" అన్నాడు పెద్దమనిషి.

నా వీపు మీద ఆయన చెయ్యి పడింది. "వీడు."

"నాకు పాట రాదు పెద్దనాయనా."

"వస్తాది. ఎన్నితూర్లు వినలా నువ్వు."

మొదలుపెట్టాను. నా గొంతు నూనె లేని బండి ఇరుసు. కానీ ఆ పాడు కరెంటు పుణ్యమా అని ఒక్క మాట తడుముకోలేదు. కుర్రవాళ్ల అడుగు కలిసింది. నాలుగో పాటలో, క్యాసెట్‌లో పెద్దనాయన దగ్గిన చోట నేనూ దగ్గాను. ఆయన అక్కడ అన్న "ఆ దీపం బుడ్డి పక్కకు జరపండ్రా" అనే మాట కూడా ఆయన అన్నట్టే అనేశాను. ముందున్న కుర్రవాడు నిజంగానే బుడ్డి కోసం వెతికాడు. జనం పడీపడీ నవ్వారు. పెద్దనాయన గొంతు లేకుండా నవ్వుతుంటే భుజాలు ఊగాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. మంగళం దాకా పాడాను. చోటు మాదే అయింది.

ఒకటి నుంచి తొమ్మిది దాకా ముందొక సున్నా వేసి ఉంటే ఆ డబ్బా వరుసగానే పాడేదట. అది అంకెల్ని అక్షరాల్లా చదివి, ఒకటితో మొదలయ్యే పదిని రెండుకన్నా ముందే ఎత్తుకుంటుందని తర్వాత ఎవరో చెప్పారు. వేసి ఉంటే నేను ఇవాళ్టికీ పాడేవాణ్ణి కాను. పెద్దనాయన పోయాడు, డిస్కు ఎక్కడుందో తెలియదు. ఏటా జాతరకు వెళ్లి పాడుతున్నాను. నాలుగో పాటలో ఆ దగ్గు, ఆ బుడ్డి మాట మానేద్దామని ఒకసారి చూశాను. ఆయన్ను చూడనైనా చూడని కొత్త కుర్రవాళ్లు అడుగు ఆపి నిలబడ్డారు. అది కూడా పాటేనని నేర్చుకున్నారు వాళ్లు. దగ్గాను.