వేన్నీళ్ళు పెట్టని రాత్రి

ఒట్టు వేయమంటే అందరూ పిల్లల మీద వేస్తారు. నాకిప్పుడు ఆ వీలు లేదు. అందుకే ఈ దీపం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను... ఇది నాకు జరిగింది. నా చెవులతో నేను విన్నాను. తాగి లేను, కలా కాదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి, తర్వాత నోరు మూసుకుని వినండి.

మాది కన్నడ సీమలోని పావగడ తాలూకా. సోలార్ పార్కు కంచె ఎక్కడ అయిపోతుందో అక్కడే మా ఇల్లు. ఒకప్పుడు మేం వేరుశనగ వేసిన చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. ఆ పలకలు కడగడానికి నీళ్ళ ట్యాంకరు తోలుతాను నేను. దెయ్యాల కథలంటే నాకు నవ్వు. చీకట్లో ఆ వరసల మధ్య ఎన్నిసార్లు తిరిగానో... పిల్లి తప్ప ఏదీ ఎదురు కాలేదు.

మా హేమ రెండో తరగతి. ఊళ్ళోని కన్నడ బడి. చలి తగ్గుతున్న రోజుల్లో దాని తరగతిలో సగం మందికి గొంతు నొప్పి, జ్వరం. మా పిల్లకూ వచ్చింది. ముద్ద మింగాలంటే కళ్ళనీళ్ళు. నేనేం చేశాను? "ఇంగా తిను ఐసుపుల్లలు!" అని తిట్టాను. నా భార్య రాధమ్మ వేన్నీళ్ళలో ఉప్పు వేసి ఇచ్చేది. మా ఇళ్ళల్లో గొంతుకు అదే మందు. మా అమ్మ నాకు అదే ఇచ్చింది.

పెరట్లో బట్టలుతికే బండ ఉంది. హేమ దాని మీద నిలబడి పుక్కిలించేది. ఊరికే పుక్కిలిస్తే అది హేమ ఎందుకవుతుంది? తల పైకెత్తి, గొంతులో నీళ్ళు ఆడిస్తూ, బడిలో నేర్పిన రెండో ఎక్కం పాడేది. కన్నడంలో. గరగర... గర... గరగర. ఒక్కో వరస అయ్యాక తుపుక్కున ఉమ్మేది. ఏడు దగ్గర మాత్రం ఎప్పుడూ మరిచిపోయేది. నోట్లో నీళ్ళు అలాగే పట్టుకుని, బుగ్గలు ఉబ్బించి నా వంక చూసేది. "హదినాల్కు" అని పద్నాలుగు అందించేవాణ్ణి. మళ్ళీ గరగర.

ఒకరోజు అడిగింది. "నాయనా, పుక్కిలిస్తే నిజంగా పోతాదా నొప్పి?"

"పోతాది లేమ్మా. నేను చెప్తాండా కదా."

తగ్గింది కూడా. బడికి పోయింది. నొప్పి మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. ఆ తర్వాత మోకాళ్ళు వాచాయి. ఆటల్లో ఎగిరి నొప్పులు తెచ్చుకుందనుకున్నాం. తర్వాత నాలుగడుగులు వేస్తే ఆయాసం... తుమకూరు ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. గొంతుకు పట్టిన జబ్బే గుండెను పాడు చేసిందన్నాడు డాక్టరు. "మొదట్లోనే సరైన మాత్రలు పూర్తిగా వేసుంటే..." అని ఆగిపోయాడు. నా ముఖం చూసి ఆగినట్టున్నాడు. తరగతిలో పిల్లలందరికీ తగ్గింది. మా పిల్ల మాత్రం నడిచి ఇంటికి రాలేదు.

ఇక ఆ రాత్రి సంగతి.

హేమ పోయిన కొన్నాళ్ళకు. అమావాస్యా కాదు, ఏమీ కాదు. ఇంట్లో కరెంటు పోయింది. ఎన్నో ఊళ్ళకు కరెంటు ఇచ్చే పార్కు పక్కనే కరెంటు లేదు, దీనికి కావాలంటే నవ్వుకోండి. ఫ్యాను ఆగింది. రాధమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గాలి లేదు. కుక్క కూడా మొరగడం లేదు...

అప్పుడు వినిపించింది.

గర...

ట్యాంకరు కారుతోందేమో అనుకున్నాను. నీళ్ళ చప్పుళ్ళతోనే నా బతుకు. కారే నీళ్ళ చప్పుడు వేరు, పైపులో బుడగల చప్పుడు వేరు. ఇది... గొంతు.

గరగర... గర... గరగర.

తుపుక్.

లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేశాను. తీయలేదు. భయమేసి కాదు... తీస్తే ఆగిపోతుందని.

ఒక వరస. ఉమ్మిన చప్పుడు. ఇంకో వరస. లోపల నేను లెక్కపెడుతున్నాను. నాలుగు... ఐదు... ఆరు...

ఆగింది.

నా ఊపిరి నాకే పెద్దగా వినపడుతోంది. తలుపు అవతల ఎవరో నోట్లో నీళ్ళు పట్టుకుని నాకోసం చూస్తున్నట్టు... ఎంతసేపో...

"హదినాల్కు," అన్నాను. తలుపుకు మరీ దగ్గరికి జరిగాను. మళ్ళీ అన్నాను. "హదినాల్కు, తల్లీ..."

గరగర... గర...

పది దాకా పోయింది. తర్వాత ఏమీ లేదు. అప్పుడు గడియ తీశాను. పెరట్లో ఎవరూ లేరు. పార్కు గేటు దగ్గరి లైటు వెలుతురులో బండ కనిపించింది. తడిగా ఉంది. సాయంత్రం రాధమ్మ బట్టలు ఉతికిందేమో అనుకున్నాను.

లోపలికి వచ్చి కూర్చున్నాను. రాధమ్మ గోడవైపే తిరిగి ఉంది. నిద్రపోతోందనుకున్నాను. చీకట్లో మెల్లగా అంది.

"పిల్ల చన్నీళ్ళతో పుక్కిలిస్తాండాదప్పా... మనం వేన్నీళ్ళు పెట్టలే."

అంతే. ఆసుపత్రిలో ఏడవని మనిషిని, ఆ మాటకు పొర్లి పొర్లి ఏడ్చాను.

తెల్లారి బట్టల సంగతి అడిగాను. ఉతకలేదంది. ఊళ్ళో చెబితే ఒకడు పైపు లీకన్నాడు. ఒక స్వామి వచ్చి శాంతి చేయించమన్నాడు. "నా బిడ్డను నేనే తరుముకోవాల్నా? ఈడ నుంచి లెయ్యి సామీ!" అని పంపేశాను.

ఇప్పుడు రోజూ పడుకునే ముందు రాధమ్మ బండ మీద లోటాతో వేన్నీళ్ళు పెడుతుంది. ఉప్పు కొంచెమే వేస్తుంది, ఎక్కువైతే హేమ కక్కేది. తెల్లారి ఒకనాడు లోటా ఖాళీగా ఉంటుంది. ఒకనాడు నిండుగా ఉండి పైన దుమ్ము తేలుతుంది. కుక్క పడేస్తోందేమో. ఆ చప్పుడు మాత్రం మళ్ళీ వినలేదు. రోజూ చెవులు రిక్కించుకునే పడుకుంటాను.

అది హేమేనా, మా ఇద్దరి ఏడుపేనా... నాకు తెలియదు. దెయ్యం ఉందో లేదో మీరు తేల్చుకోండి, నాకక్కర్లేదు. పుక్కిలిస్తే పోతుందని దానికి చెప్పింది నేను. అక్కడికి పోయాక కూడా పుక్కిలిస్తోందంటే... నా బిడ్డకు నొప్పి ఇంకా తగ్గలేదా?