నా గెలుపు కోసం ప్రార్థన

ఈ పొద్దు మార్కాపురంలో మా చర్చికి ఆలస్యంగా పోయినాను. నాకు సైక్లోక్రాస్ పిచ్చి ఉంది. అంటే బురదలో, గట్లమీద సైకిల్ రేసు. తొక్కలేని చోట సైకిల్‌ని భుజాన వేసుకొని పరుగెత్తాల. ప్రాక్టీసుకు నాకు దొరికేది ఆదివారం ఒక్కటే. మోకాళ్ల దాకా బురదతో లోపలికి ఎట్ల పోయేది? చెప్పులు విడిచేకాడనే నిలబడినాను.

లోపల పాస్టరు అయ్యగారు, "ప్రార్థన అంశాలు ఉంటే చెప్పండమ్మా" అన్నారు. ఒక పెద్దమ్మ కొడుకు ఉద్యోగం గురించి అడిగింది. తర్వాత నా భార్య సుగుణ, ఒళ్లో నిద్రపోతున్న పాపను భుజాన వేసుకొని లేచింది.

"అయ్యగారూ, వచ్చే ఆదివారం మా ఆయనకు సైకిల్ రేసు ఉంది. గెలవాలని ప్రార్థన చేయండి."

సైకిల్ పేరెత్తితేనే మండిపడే మనిషి, నా కోసం అడుగుతాంది!

"ఆట కోసమా తల్లీ?" అన్నారు అయ్యగారు.

"అవునయ్యా. ఒక్కసారి గెలిస్తే మానేస్తానని మాటిచ్చినాడు. గెలిస్తే ఆదివారాలు మాకు దొరుకుతాడు."

ఎవరూ నవ్వలేదు. అందరూ కళ్లు మూసుకొని ప్రార్థన చేసినారు. గట్టిగా "ఆమేన్" అన్నారు. బయట నేనూ అనబోయినాను గానీ నోరు రాలేదు.

ఏ రేసులోనైనా నేను ఆఖరి నలుగురిలో ఒకణ్ణి. ఎట్లాగూ గెలవనులే అన్న ధైర్యంతోనే సుగుణకు ఆ మాటిచ్చినాను.

నా చోట మీరుంటే ఆమేన్ అనేవాళ్లేనా?