చిన్నాయన వద్దన్న పెళ్లి

మా చిన్నాయన ఎవరి ముందూ చొక్కా కూడా విప్పేవాడు కాదు. మగవాళ్లంతా బోరు దగ్గర నీళ్లు పోసుకుంటుంటే, ఆయన ఒక్కడే గదిలో గొళ్లెం పెట్టుకుని స్నానం చేసేవాడు.

కుప్పం సంబంధం కుదిరాక ఆయనకు అన్నం సయించలేదు. 'నాకు పెండ్లొద్దు' అనేవాడే కానీ కారణం చెప్పడు. ఆదివారంలోగా మాట తేల్చమన్నాడు పిల్ల తండ్రి.

అంగం పెరగడానికని లాడ్జిలో దిగిన నాటు వైద్యుడు ఇచ్చిన లేహ్యం డబ్బా ఆయన పెట్టెలో నా కంటపడింది. 'మదనపల్లెలో మంచి డాక్టరుండాడు, పోదాం రా చిన్నాయనా' అని మాత్రం అన్నాను.

ఆ డాక్టరు గదిలో తెర ఇవతల కూర్చున్న నాకు లోపలి మాటలన్నీ వినిపించాయి.

'హాస్టల్లో అందరూ సూసి నవ్వినారు సార్. చిన్నదని.'

'మీసాలు ఒగొగరికి ఒగో వయసులో వస్తాయి గదప్పా, ఇదీ అంతే. నీకు లేటుగా మొదలైండాది. ఇప్పుడు అందరి మాదిరే ఉండావు. నవ్విన పిల్లోళ్లకేం తెల్సు? ఆ లేహ్యం పారెయ్.'



చిన్నాయన బయటికొచ్చి, నా వైపు చూడకుండానే ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్‌లోకి వెళ్లి కుప్పానికి ఫోన్ కలిపాడు.

'మామా, పత్రికలు కొట్టియ్యండి... అవును మామా, నేనే మాట్లాడతాండా.'