తొమ్మిదో చిప్ లేని కంప్యూటర్

1987 చలికాలానికి సంతోష్‌నగర్ బస్‌స్టాప్ వెనకాల నాకో రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అప్పటికి పదేళ్లు. కంప్యూటరంటే ఆఫీసుల్లో ఏసీ గదిలో ఉండేది, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాల్సినది. బొంబాయి నుంచి విడిభాగాలు తెప్పించి ఇంట్లోనే బిగించుకోవచ్చని కనిపెట్టిన నలుగురైదుగురు పిచ్చివాళ్లలో నేనొకణ్ని. మూడు బిగించేసరికి నా అంత మొనగాడు లేడనుకున్నాను. ఆ పొగరు ఎలా అణిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దేవదానం ఉప్పుగూడ స్టేషన్ దగ్గర ఉండేవాడు. ఒక సర్కారు కంపెనీలో ఫిట్టరు. ఓ ఆదివారం చర్చి నుంచి తిన్నగా నా దుకాణానికొచ్చి, సంచిలోంచి ఇనుపరేకుతో తనే చేసిన డబ్బా ఒకటి బయటికి తీశాడు. కంప్యూటర్ క్యాబినెట్ అది. ఏదో పత్రికలో బొమ్మ చూసి కొలతలు వేసుకున్నాడట. ఒక్క మూల కూడా వంకర లేదు.

"లోపల సామాను నువ్వు సూపెట్టన్నా, బిగించుడు నేను బిగిస్త" అన్నాడు.

ఎందుకని అడిగితే కూతురి సంగతి చెప్పాడు. రూతుకి పదిహేడేళ్లు. పది పాసై, టైపు లోయర్ పరీక్షలో ఒక్క తప్పూ లేకుండా కొట్టిన పిల్ల. తర్వాత నరాల జబ్బు పట్టుకుంది. ముందు కాళ్లు, తర్వాత మాట పోయాయి. కుడిచేతి వేళ్లు రెండు మిగిలాయి. టైపు మిషన్ మీట నొక్కే బలం వాటికి లేదు, కంప్యూటర్ మీట నొక్కే బలం ఉంది.

"మాట్లాడుడు బందైంది గని, బిడ్డ లోపల మస్తు ముచ్చట్లున్నయన్నా. ఆ వేళ్లు పడిపోక ముందుగాల రాయనీ" అన్నాడు.

బోర్డు, ఫ్లాపీ డ్రైవ్, తెరకి ఓ చిన్న టీవీ, పాత ప్రింటరు అన్నీ కుదిరాయి. కుదరనిది మెమరీ. అది ఎంచుకోవడం ఆ రోజుల్లో పెద్ద తంతు. మెమరీ అంటే బోర్డు మీద వరసలుగా గుచ్చే నల్లటి చిప్‌లు. వరసకి తొమ్మిది. ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్ ఎనిమిది ముక్కలు చేసి, చిప్‌కి ఒక ముక్క చొప్పున దాస్తుంది. తొమ్మిదో దాన్ని parity చిప్ అంటారు. అది ఏ ముక్కా దాచదు. మిగతా ఎనిమిదింటి లెక్క సరిపోయిందా లేదా అని చూస్తుంది. తేడా వస్తే మిషన్‌ని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇంకో సంగతి వేగం. చిప్ వీపు మీద చిన్న గీత పక్కన అంకె ఉంటుంది. 12 అని ఉంటే చురుకైనది, 15 అని ఉంటే కాస్త నిదానం. ఆ బోర్డుకి అన్నీ 12వే కావాలి.

ఆ ఏడాది చిప్‌లకి కరువొచ్చింది. కోఠీ అంతా గాలించినా పైవరసకి ఏడే దొరికాయి 12వి. ఎనిమిదో దానికి నా సొరుగులో ఉన్న 15ది గుచ్చాను. తొమ్మిదోది లేదు. అది లేకపోతే మిషన్ మొదలవదు కాబట్టి, బోర్డు మీద చిన్న క్లిప్పు మార్చి ఆ తనిఖీనే ఆపేశాను.

దేవదానం ఫిట్టరు కదా, ఊరుకోలేదు. "గదొక్కటి ఖాళీ ఉంది. ఫికర్ లేదా అన్నా?"

"ఏం లేదండీ. మిగతావి మంచివైతే దానికి పనేముంది?" అన్నాను.

క్రిస్మస్ వారంలో రూతు మొదటి పేజీ కొట్టింది. తెలుగు అక్షరాలు అప్పట్లో లేవు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. రోజూ పొద్దున పనికి వెళ్లేముందు దేవదానం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా దుప్పటితో కట్టేవాడు. సాయంత్రం వచ్చి, ఆమె రాసింది ప్రింటు తీసి అందరికీ వినిపించేవాడు. పాలవాడి మీద వెక్కిరింపులు, పాస్టరుగారి ప్రసంగం ఎంత పొడుగో ఫిర్యాదులు. ఇన్నాళ్లూ జాలిపడి పలకరించిన చుట్టాలకి ఆ పిల్ల నోరు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. దేవదానం నా దుకాణానికి పళ్లు పట్టుకొచ్చాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఏప్రిల్‌లో కాగితం పట్టుకుని వచ్చాడు. ఈసారి మొహంలో నెత్తురు లేదు.

"అన్నా, బిడ్డ తప్పులు కొడ్తుంది. అమ్మ అని సక్కగనే కొడ్తది. నాన్న అనే కాడ లల్ల అని కొడ్తది. నన్నే మర్శిపోతుందేమో అన్నా."

చూశాను. nanna అని ఉండాల్సిన ప్రతిచోటా lalla అని ఉంది. amma మాత్రం చెక్కుచెదరలేదు. మాటలు నేర్చే పసిపిల్ల పలికినట్టుంది. మర్నాడు పొద్దున్నే ఉప్పుగూడ వెళ్లి, నేనే రెండు పేజీలు కొట్టి ప్రింటు తీశాను. ఒక్క తప్పు లేదు. వారం తర్వాత ఇంకోసారి వెళ్లాను. అదీ పొద్దున్నే. ఎండెక్కితే దుకాణం వదిలి ఎవరు తిరుగుతారు?

రూతు నా వైపే చూస్తోంది. ఆ కళ్లలో కోపం ఉంది. నేను దాన్ని జబ్బు చిరాకు అనుకున్నాను.

రూతు తల్లి ఎస్తేరమ్మ తలుపు దగ్గర నిలబడి అంది: "సార్, నాకు సదువు రాదు గని ఒక్క మాట. పొద్దుగాల కొట్టింది మంచిగుంటుంది. ఎండపొద్దుల కొట్టిందే పాడైతుంది."

"మధ్యాహ్నానికి అలిసిపోతుందేమోనమ్మా" అన్నాను.

"కొట్టేటప్పుడు టీవీ మీద మంచిగనే ఉంటదట సార్. నేను అడిగితె బిడ్డ కండ్లతోని అవునన్నది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం మర్యాదగా, "మిషన్ బాగానే ఉందమ్మా" అన్నాను. వృత్తిలో నేనన్న మాటలన్నిటిలోనూ ఆ ఒక్కటీ వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

నా మాట పట్టుకుని దేవదానం ఆసుపత్రికి వెళ్లాడు. ఆ కాగితాలు చూసి డాక్టరు, జబ్బు మెదడుకి ఎక్కి ఉంటుందన్నారు. అప్పటినుంచి ఇంట్లో అందరూ రూతుతో చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడసాగారు. తప్పు కొట్టిందని దేవదానం ఒకటి రెండుసార్లు గట్టిగా కసిరాడట కూడా. మే నెలాఖరుకి ఆమె మీటల మీద చెయ్యి పెట్టడం మానేసింది. బలవంతంగా పెడితే వేళ్లు ముడుచుకునేది. మిషన్ మీద గుడ్డ కప్పేశారు.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో దేవదానం ఆ కంప్యూటర్‌ని ఆటోలో వేసుకొచ్చాడు. "ఇంట్ల దీన్ని సూడబుద్ధైతలేదు. ఎవరికన్న ఇచ్చెయ్యన్నా" అన్నాడు.

అప్పటికి చిప్‌లు మళ్లీ దొరుకుతున్నాయి. ఇంకొకరికి ఇచ్చేది కదా, పద్ధతిగా ఉండాలని ఖాళీ గుంటలో తొమ్మిదో చిప్ గుచ్చి, తనిఖీ క్లిప్పు యథాస్థానంలో పెట్టాను. పొద్దున బాగానే నడిచింది. ఒంటిగంటకి కరెంటు వోల్టేజి తగ్గి ఫ్యాను తిరగడం మందగించింది, రేకుల కింద గది కాలిపోతోంది. మిషన్ టక్కున ఆగి, తెరమీద PARITY CHECK అని చూపించింది.

ఒక్కో చిప్పే తీసి మార్చి చూస్తే దొరికింది. నా సొరుగులోంచి గుచ్చిన ఆ 15. చల్లగా ఉంటే పరిగెత్తి అందుకునేది, వేడెక్కితే వెనకబడిపోయేది. ప్రోగ్రాం కింది వరసల్లో ఉంటుంది కాబట్టి మిషన్ నడుస్తూనే ఉంది. రాసిన మాటలు పైవరసలోకి వెళ్లి అక్కడ చెడిపోయాయి. తెరకి వేరే చిప్‌లుంటాయి, అందుకే కొట్టేటప్పుడు రూతుకి అన్నీ సరిగ్గానే కనిపించాయి. ఎనిమిది ముక్కల్లో ఎప్పుడూ ఒకే ముక్క పోయేది. అది పోతే n కాస్తా l అవుతుంది. k అయితే i, o అయితే m. a కీ m కీ ఆ ముక్క అసలే ఉండదు, వాటికి నష్టం లేదు. అందుకే అమ్మ మిగిలింది, నాన్న పోయాడు. మద్దెల నిజంగానే ఓడు.

దుకాణం మూసి ఉప్పుగూడ వెళ్లాను. దారిలో ఏం చెప్పాలో పదిసార్లు అనుకున్నాను గానీ, దేవదానాన్ని చూడగానే అన్నీ మర్చిపోయి, "తప్పు నాదండీ, పిల్లది కాదు" అనేశాను. విడమరిచి చెప్పాను. అతను ఇనుము ఎరిగినవాడు, ఒక్కసారికే అర్థమైంది.

"అంటె నా బిడ్డ సక్కగనే రాసిందా?"

"సక్కగానే రాసింది."

గట్టిగా తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. లోపలికి వెళ్లి కాగితాలు తెచ్చాడు. ఏ అక్షరం ఏదవుతుందో ఒక చీటీ మీద రాసిచ్చాను. ఇద్దరం నేలమీద కూర్చుని పెన్సిల్‌తో దిద్దడం మొదలుపెట్టాం. ఒక కాగితంలో ఒకే వాక్యం ఏడెనిమిది సార్లు ఉంది:

lalla lelu qapiea imttila

దిద్దాక దేవదానం దాన్ని పైకి చదివాడు. nanna nenu sariga kottina. నాన్నా, నేను సరిగ్గా కొట్టిన. అతను కసిరిన రోజుల్లో రాసింది అది. సరిగ్గా కొట్టానని చెప్పడానికి ఆ పిల్లకున్నది ఆ మిషన్ ఒక్కటే, అది ఆ మాటని కూడా చెడగొట్టింది.

రూతు మంచం మీద ఉంది. అప్పటికి ఆ రెండు వేళ్లూ పడిపోయాయి. దేవదానం ఆమె చెవి దగ్గర కూర్చుని, "సక్కగనే కొట్టినవు బిడ్డా. నేనే సదవలేకపోయిన" అన్నాడు. ఆమె కళ్ల చివర్ల నుంచి నీళ్లు దిండులోకి కారాయి. నేనూ క్షమించమని అడిగాను. ఆమె నన్ను కాసేపు చూసి కళ్లు మూసుకుంది. దాని అర్థం నాకు తెలియదు, నాకు అనుకూలంగా చెప్పుకునే హక్కూ లేదు.

ఎస్తేరమ్మ నన్ను అన్నం తిని పొమ్మంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మిషన్లు బాగుచేశాను. పొత్తు కుదరని చిప్ మళ్లీ గుచ్చలేదు, ఖాళీ గుంట వదల్లేదు. అవి చేతికి వచ్చే పాఠాలు, ఎవరైనా నేర్చుకుంటారు. చదువు లేని తల్లి వచ్చి పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటోందని చెప్తే, పనిముట్లు సర్దుకుని మధ్యాహ్నమే వెళ్లి కూర్చోవాలి. నాకు పట్టుబడ్డ పాఠం అది, ఆలస్యంగా.

ఆ రోజు పదకొండు కాగితాలు దిద్దాం. అవయ్యాక, "ఇంకా ఉండాలి కదండీ, నలభై దాకా రాసిందన్నారు" అని అడిగాను.

దేవదానం పెన్సిల్ కింద పెట్టాడు.

"ఏం లేదనుకున్నమన్నా వాటిల" అన్నాడు. "పొయ్యి అంటించినం."