చీమలు తిన్న ముగ్గు

అయిదో నెల స్కాన్‌లో డాక్టరమ్మ తెర మీద ఒకచోట చూపు నిలిపింది. కడుపులోని బిడ్డ గుండె కండరంలో తెల్లగా మెరిసే మచ్చ ఒకటి ఉందట. కాల్షియం పేరుకుని ఉండొచ్చు, ఎందుకో ఇప్పుడే చెప్పలేను, గుండె బాగానే కొట్టుకుంటోంది, మచ్చ పెరుగుతుందేమో వచ్చే నెల చూద్దాం అంది. టౌన్ బస్సులో నెల్లితోపుకు తిరిగి వస్తుంటే కిటికీ బయట మనుషులూ కొట్లూ నీళ్లలో ఉన్నట్టు మెల్లగా కదిలాయి. నాకు చాలా భయమేసింది.

కాల్షియం అంటే ఏందని అత్త అడిగింది. సున్నంలో ఉండేదే అన్నాను. ఆమె వాకిట్లో పొద్దున నేను వేసిన ముగ్గు వైపు తిరిగింది.

"నువ్వు దినామూ వొంగి వేసేది రాతిపొడి కదమ్మా! ఊపిరితో లోపలికి పోయి బిడ్డ గుండెలో కూచోనుండాది. ఆ డబ్బా నీ చేతికిచ్చిన పాపిని నేనే."

నాకు ఒళ్లు మండింది. "అట్లయితే ఈ వీధిలో పుట్టిన బిడ్డలందరి గుండెల్లోనూ ముగ్గులే ఉండాల అత్తా" అన్నాను. ఆమె నవ్వలేదు. డబ్బా తీసుకెళ్లి చెత్తలో పారబోసింది. మర్నాటి నుంచి బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, మిక్సీలో పట్టి, ఆ పిండితో ముగ్గు తనే వేసేది. మోకాళ్ల నొప్పితో గీతలు ఎటో పోయేవి. నన్ను మాత్రం గడప దాటనిచ్చేది కాదు.

నేను గడపకివతల కూర్చుని తూగేదాన్ని. ఎండ ముదరకముందే ముగ్గుపిండి మోసుకుపోవడానికి చీమలు వచ్చేవి. ఆ మగతలో అవి నా పొట్టలోకి కూడా బారులు తీరేవి. బిడ్డను నిద్ర లేపకుండా, గుండెలోని తెల్లటి పలుకులు ఒక్కొక్కటే మోసుకుపోయేవి. రాతిపొడికీ ఆ మచ్చకూ సంబంధం లేదని డాక్టరమ్మను అడిగి మరీ తెలుసుకున్నదాన్ని. అయినా వాకిట్లో ఒక్క చుక్క మిగిలినా మధ్యాహ్నం దాకా నాకు మనసు మనసులో ఉండేది కాదు.

మరుసటి నెల స్కాన్ గది బయట బెంచీ మీంచి అత్త లేచి నిలబడింది.

"పోయిందా?"

"ఉండాది అత్తా. పెరగలేదు. గుండె దాన్ని పెట్టుకొనే బాగా కొట్టుకుంటా ఉండాది."

ఆమె మళ్లీ కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. బస్సు ఎక్కేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నా కూతురు వీధంతా పరుగులు పెడుతుంది. ఏడాదికోసారి గుండె చూపిస్తాం. మచ్చ అలాగే ఉంది, దాంతో ఇబ్బందేమీ లేదంటారు. వాకిట్లో ఈనాటికీ బియ్యప్పిండే. నిన్న పొద్దున పిల్ల ముగ్గు మీది చీమల్ని తొక్కబోతే అత్త గబుక్కున దాని కాలు పట్టుకుంది.

"తొక్కద్దు తల్లీ. వాటికి ఇంకా నీ గుండెలో పని ఉండాది."

 లోపలికి వెళ్లి ఇంకో గుప్పెడు బియ్యం ఎక్కువగా నానబోశాను.